తంగేడు పెంచుకుందామనుకునేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస దగ్గర పడుతుంటే అందరూ అడిగేది ఒకటే: తంగేడు పువ్వు ఎక్కడ దొరుకుతుంది? పండుగ అయిపోయాక కొందరు నిమ్మళంగా ఇంకో మాట అడుగుతారు: మా గట్టు మీద పెట్టుకోవచ్చా, ఎట్లా పెట్టాలి? ఇక్కడ ఎక్కువగా ఈ రెండో రకం వాళ్లకోసమే రాశాను. నల్లగొండ, పాలమూరు వైపు ఎర్రచెలకలను మనసులో పెట్టుకొని రాసింది కాబట్టి మిగతా చోట్ల వాళ్లు తమ నేలకు తగ్గట్టు చూసుకోవాలి.

తంగేడు దానంతటదే మొలిచే చెట్టు కదా, పెంచడమేంటి?

మొలిచేది. దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట దారుల్లో ఒకప్పుడు బస్సు కిటికీలోంచి ఎటు చూసినా పచ్చగా పూసి కనిపించేది. ఇప్పుడు ఆ దారుల పొడుగునా చూడండి. గట్లను జేసీబీతో చదును చేసి రెండు కమతాలు ఒకటి చేసుకున్నారు. బీళ్లు ప్లాట్లయి హద్దురాళ్లు లేచాయి. మిగిలిన గట్లకు కలుపు రాకుండా గడ్డిమందు కొడుతున్నారు. తంగేడును ఎవరూ పనిగట్టుకొని నరకలేదు, దానికి నిలిచే చోటు లేకుండా పోయిందంతే. పండుగ ముందు రోజు పొద్దున్నే బండేసుకొని నాలుగైదు ఊళ్లు తిరిగి, చివరికి బజార్లో కట్ట కొనుక్కొచ్చే పరిస్థితి అందుకే వచ్చింది.

బంతి విత్తనం కొని నారు పోసి పెంచుతాం. తంగేడుకు మాత్రం ఇంతవరకు ఎవరం చెంబెడు నీళ్లు పోయలేదు. ఇక పోయక తప్పదు.

అసలైన తంగేడును ఎట్లా గుర్తుపట్టాలి?

పువ్వును చూసి కాదు, ఆకు మొదలు చూసి. ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోట రెండు పక్కలా చెవుల్లాంటి గుండ్రటి చిన్న రెక్కలుంటాయి. కొమ్మ ముదిరినా అవి తొందరగా రాలిపోవు. ఇంత స్పష్టమైన గుర్తు ఇంకోటి లేదు. తర్వాత ఆకును వెలుతురుకు పట్టి చూడండి: ఒక్కో కాడకు ఎనిమిది నుంచి పన్నెండు జతల చిన్నాకులు, కొసన ఒంటి ఆకు ఉండదు. ప్రతి జత మధ్యలో కాడ మీద సన్నటి పుల్లముక్కలాంటిది ఒకటి నిటారుగా నిలబడి ఉంటుంది. అది గ్రంథి. భూతద్దం అక్కర్లేదు, కంటికి కనిపిస్తుంది.

పువ్వు వెడల్పు దాదాపు 5 సెంటీమీటర్లు, ఐదు రెక్కలు, అంచులు ముడతలు ముడతలుగా ఉంటాయి. కాయ పలచగా, కాగితంలా, చేత్తో ఊపితే గలగలమంటుంది. చెట్టు మనిషెత్తు నుంచి ఇంకొంచెం పైకి పెరుగుతుంది. బెరడు దాల్చిన రంగులో నున్నగా ఉంటుంది.

పసుపు పూలున్నవన్నీ తంగేడేనా? రోడ్ల పక్కన బోలెడు కనిపిస్తున్నాయి.

రోడ్ల పక్కన కనిపించేవాటిలో చాలా మటుకు కావు. నీడకోసం నాటిన పెద్ద చెట్టు, కొమ్మల చివర పసుపు గుత్తులు వేసేది సీమ తంగేడు. పార్కుల్లో, డివైడర్ల మీద గంటల ఆకారంలో పసుపు పూలు పూసేది టెకోమా, దానికీ తంగేడుకూ చుట్టరికమే లేదు. ఎండాకాలంలో బంగారు గొలుసులు వేలాడేసినట్టు పూసేది రేల. పొట్టిగా ఉండేది నేల తంగేడు, సునాముఖి అని ఆకు అమ్ముతారు. నల్లమలలో కొండ తంగేడు అని ఒక కలప చెట్టు కూడా ఉంది. పేరులో తప్ప పోలికల్లో ఇద్దరికీ సంబంధం లేదు.

బతుకమ్మలో ఏ పసుపు పువ్వు పెట్టినా గౌరమ్మ కోపగించుకోదు. కానీ ఒక మొక్క విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అది కసింద. వానలు పడగానే పెంటకుప్పల దగ్గర, ఇళ్ల వెనక, కాల్వగట్ల మీద మొలుస్తుంది. నాలుగైదు జతల ఆకులు, కొసలు సూదిగా ఉంటాయి, నలిపితే దుర్వాసన కొడుతుంది. కాయ సన్నగా, కొంచెం పైకి వంగి ఉంటుంది. దీని గింజలు పిల్లలు తింటే కాలేయం, కండరాలు, మెదడు దెబ్బతింటాయి. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా పిల్లలు చనిపోతుంటే కారణం ఈ గింజలేనని డాక్టర్లు తేల్చారు. 2016లో ఒడిశాలోని మల్కన్‌గిరిలో పిల్లల మరణాల మీద పరిశీలన చేసిన నిపుణులు కూడా దీన్నే వేలెత్తి చూపారు. కాబట్టి విత్తనాలు ఏరేటప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్తే ముందు ఈ తేడా చూపించండి.

కసిందను పోలిన తగిరిస వేరే మొక్క. దానికి మూడే జతల గుండ్రటి ఆకులు. లేతగా ఉన్నప్పుడు కూర వండుకుంటారు.

ఇది ఒక్క తెలంగాణ చెట్టేనా?

కాదు. దక్కన్ ఎండు నేలలు, తమిళనాడు, శ్రీలంక, మయన్మార్‌లోని పొడి ప్రాంతాలు దీని సొంత ఊళ్లు. తమిళులు ఆవారం అంటారు. ఏడాదికి దాదాపు 600, 700 మిల్లీమీటర్ల వానే పడే మన వైపు నేలలో మాత్రం దీనికి పోటీ వచ్చే చెట్లు తక్కువ. అందుకే ఇక్కడ ఇంత విరివిగా కనిపించేది.

రాష్ట్ర పుష్పంగా ఎప్పుడు ప్రకటించారు?

2014 నవంబర్‌లో. అప్పుడే జమ్మిని రాష్ట్ర వృక్షంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, జింకను రాష్ట్ర జంతువుగా ప్రకటించారు.

విత్తనం ఎప్పుడు ఏరాలి, ఎట్లా మొలిపించాలి?

పండుగ పూత కాయగా మారి ఎండేసరికి చలికాలం వస్తుంది. కాయ లేత గోధుమ రంగుకు తిరిగి, గింజల చోట ఉబ్బుగా, ఊపితే చప్పుడు వచ్చేలా ఉండాలి. పచ్చికాయ తెంపి ఎండబెడితే గింజ ముడుచుకుపోతుంది. ఒక్కో కాయలో పది పన్నెండు నుంచి ఇరవై దాకా గింజలుంటాయి. కాయలను గుడ్డసంచిలో వేసి కర్రతో నాలుగు తట్లు తడితే గింజలు విడిపోతాయి. చాటలో చెరిగి, సన్నటి బొక్కలున్న గింజలు పక్కన పడేయండి. వాటిని పురుగు తొలిచేసింది.

ఇక చాలామంది ఓడిపోయేది ఇక్కడే. గింజను అలాగే మట్టిలో పెట్టి, పది రోజులు నీళ్లు పోసి, మొలవలేదని వదిలేస్తారు. తంగేడు గింజ తోలు గట్టిది, నీళ్లు లోపలికి పోనివ్వదు. ఒక్క వానకే అన్ని గింజలూ మొలిచి తర్వాత ఎండకు మాడిపోకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. మనకు అన్నీ ఒకేసారి మొలవాలి కాబట్టి ఆ తోలును కొంచెం గీరాలి. కొద్ది గింజలైతే ఇసుక కాగితం మీద ఒక పక్క నాలుగుసార్లు రుద్దండి, లోపలి లేత రంగు కనీకనిపించకుండా తేలితే చాలు. ఎక్కువుంటే నీళ్లు మరగబెట్టి పొయ్యి మీంచి దించి, పొంగు చల్లారాక గింజలు పోసి రాత్రంతా వదిలేయండి. పొయ్యి మీద ఉడికించొద్దు. పొద్దున చూస్తే కొన్ని గింజలు ఉబ్బి రెండింతలవుతాయి, కొన్ని అట్లాగే ఉంటాయి. ఉబ్బినవి విత్తుకోండి, ఉబ్బనివాటికి ఇంకోసారి వేడినీళ్లు.

గట్టు మీదనే విత్తుతారా, కవర్లలో పెంచి నాటుతారా అన్నది మీ వీలు. నేనైతే గట్టు మీద నేరుగా విత్తడానికే ఓటేస్తాను. తల్లివేరు మొదటి నెలల్లోనే కిందికి దిగుతుంది, కవర్లో అది అడుగుకు తగిలి చుట్టుకుపోతుంది. మృగశిర వానలు పడి నేల లోపలిదాకా తడిసినప్పుడు, గునపంతో చిన్న గుంత చేసి మూడు నాలుగు గింజలు అంగుళం లోతుకు మించకుండా వేయండి. మొలిచాక బలంగా ఉన్నదొక్కటి ఉంచండి. కవర్లలోనే పెంచాలనుకుంటే పొడుగు కవర్లు తీసుకొని, ఎండాకాలంలో విత్తి, మంచి వాన పడ్డ వెంటనే నాటేయాలి. మళ్లీ ఏటికని ఆపితే వేరు పాడవుతుంది.

అడవిలో ఉన్న చెట్టును పెకిలించి తెచ్చి పెట్టుకోవచ్చా?

వద్దు. పైన రెండడుగులున్న మొక్కకు కింద అంతకంటే పొడుగు వేరుంటుంది. ఎంత జాగ్రత్తగా తవ్వినా అది తెగుతుంది, వారంలో మొక్క వాడిపోతుంది. అక్కడా లేకుండా, ఇక్కడా లేకుండా పోతుంది.

ఏ నేల కావాలి? నీళ్లెన్ని పోయాలి?

ఎర్రమట్టి, గరుసు నేల, రాళ్ల గుట్ట, కొంచెం చౌడు కూడా ఫరవాలేదు. నల్లరేగడిలోనూ వస్తుంది, కానీ నీళ్లు నిలవకూడదు. పొలం మూలకు నీళ్లు చేరే చోట పెడితే వేరు కుళ్లి చస్తుంది. నీడ కూడా దీనికి పడదు, వేపచెట్టు కింద పెడితే సన్నగా సాగి నాలుగు పూలు పూసి ఊరుకుంటుంది.

మొదటి ఎండాకాలం వారానికో పదిరోజులకో ఒకసారి నీళ్లు పోయండి. ఆ తర్వాత మరిచిపోవచ్చు. ఎరువు అసలే వద్దు, వేస్తే ఆకు తప్ప పువ్వు కనపడదు.

కుండీలో, అపార్ట్‌మెంట్ బాల్కనీలో?

అడుగున్నర లోతు కుండీలో బతుకుతుంది. పూస్తుంది కూడా, కొద్దిగా. రోజంతా ఎండ తగిలే టెర్రస్ ఉంటే ప్రయత్నించండి, లేకపోతే ఊళ్లో ఎవరి గట్టు మీదైనా నాలుగు గింజలు విత్తి రండి.

ఎన్నాళ్లకు పూస్తుంది? కొమ్మలు కత్తిరించాలా?

సాధారణంగా రెండో వానాకాలానికి పూత చూస్తారు. ఏడాది పొడుగునా ఎప్పుడో అప్పుడు ఒకటి రెండు గుత్తులు వేస్తూనే ఉంటుంది. వానలు తగ్గుముఖం పట్టాక, భాద్రపదం నుంచి కార్తీకం దాకా మాత్రం విరగబూస్తుంది.

కత్తిరించడం మంచిది. పువ్వు కొత్త చిగురు కొసకు వస్తుంది. ఎండాకాలం చివర చెట్టును మోకాలెత్తుకు కొట్టేస్తే వానలకు పదికి పది కొమ్మలు లేచి, పండుగనాటికి ప్రతి కొసా గుత్తవుతుంది. కొట్టకుండా వదిలేస్తే అడుగు బోడిగా, పువ్వు చేతికందని ఎత్తులో ఉంటుంది. ఆడవాళ్లు ముళ్లూ పుట్టలూ దాటి వెళ్లి అందుకోలేక కొమ్మ విరిచేది అందుకే.

ఆకులన్నీ పచ్చ పురుగులు తినేస్తున్నాయి. ఏ మందు కొట్టాలి?

ఏమీ కొట్టొద్దు. అవి లేత పసుపు, తెలుపు రంగుల్లో గుంపులుగా ఎగిరే సీతాకోకచిలుకల పిల్లలు. తల్లి సీతాకోక లేత చిగురు మీద ఒక్కో గుడ్డు నిలువుగా అతికించి పోతుంది. దగ్గరగా చూస్తే తెల్ల బియ్యపు మెరికల్లా కనపడతాయి. పురుగు ఆకు రంగులోనే ఉండి పక్కన సన్నటి గీత ఉంటుంది, మీరు చూసేసరికి సగం కొమ్మ ఖాళీ అయిపోతుంది. చెట్టు పదిహేను రోజుల్లో మళ్లీ చిగురేస్తుంది. మందు కొడితే సీతాకోకలతో పాటు తుమ్మెదలూ పోతాయి, తుమ్మెద పోతే కాయ ఉండదు, కాయ లేకపోతే వచ్చే ఏటికి గింజ ఉండదు.

తుమ్మెదకూ కాయకూ ఏమిటి సంబంధం? తేనెటీగలు చాలవా?

దీనిని ఒక పొద్దున పూసిన చెట్టు దగ్గర కూర్చొని చూడాల్సిందే. తంగేడు పువ్వులో తేనె లేదు. ఉన్నది పుప్పొడి మాత్రమే, అది కూడా కేసరాల లోపల గొట్టంలో బంధించి, కొసన సన్నటి రంధ్రం పెట్టి ఉంటుంది. పది కేసరాల్లో పైవి మూడు ఉత్తుత్తివే, కిందవి పెద్దవి. నల్లగా, బొద్దుగా ఉండే కొమ్మ తుమ్మెద వచ్చి ఆ కేసరాలను కాళ్లతో గట్టిగా పట్టుకొని, రెక్కలు ఆడించకుండా ఒళ్లంతా అదిలిస్తుంది. అప్పుడు దాని రొద మారుతుంది. ఎగిరేటప్పుడు వచ్చే చప్పుడు కాదు, ఇంకొంచెం సన్నగా, చెవిలో గుచ్చుకునేలా ఉంటుంది. ఆ వణుకుకు పుప్పొడి రంధ్రంలోంచి చిమ్మి తుమ్మెద పొట్టకు, వీపుకు అంటుకుంటుంది. ఇంకో పువ్వు మీద వాలినప్పుడు కీలాగ్రానికి చేరుతుంది.

మన తేనెటీగలకు ఈ విద్య రాదు. అవి వచ్చి రాలిన పొడి ఏరుకొని పోతాయి. కొమ్మ తుమ్మెదలు ఎండిన మొద్దుల్లో, వెదురు బొంగుల్లో తొలుచుకొని ఉంటాయి. గట్టు మీద ఎండుమొద్దు ఒకటి ఉంటే వంటచెరకు కింద పోనీయకుండా వదిలేయండి.

మేకలు తినేస్తాయా? కంచె కట్టాలా?

పశువులు, మేకలు పెద్దగా ముట్టవు. మేసిన బీళ్లల్లో కూడా తంగేడు మిగిలేది అందుకే. లేత మొక్కను తొక్కకుండా మొదటి ఏడు చుట్టూ నాలుగు తుమ్మకంపలు పెట్టండి, చాలు. మూడు నాలుగడుగులకు ఒకటి పెడితే మూడో ఏటికి అదే కంచె అవుతుంది.

చిక్కుడు, పెసర జాతి కదా, నేలకు నత్రజని పడుతుందా?

ఈ మాట చాలామంది చెబుతారు, నిజం కాదు. కుటుంబం అదే అయినా తంగేడు వేళ్లకు నత్రజని పట్టే బుడిపెలు రావు. కానీ ఆకు మంచి పచ్చిరొట్ట. వరి మడిలో తంగేడు మండలు వేసి దున్ని మురగబెట్టడం పాత పద్ధతి, ఇప్పుడు చేసినా పని చేస్తుంది. గట్టు మీద చెట్టుంటే మడికి ఎరువు కూడా అక్కడే ఉన్నట్టు.

తంగేడు చెక్కతో తోలు శుద్ధి చేసేవాళ్లట, నిజమేనా?

నిజమే. మనం తంగేడు అంటే పువ్వు గురించే మాట్లాడతాం కానీ, వందల ఏళ్లు ఈ చెట్టుకు విలువ తెచ్చింది బెరడు. దాంట్లో 18 శాతం దాకా టానిన్ ఉంటుంది. పచ్చి తోలును కుళ్లకుండా, నీళ్లకు నానినా చీకిపోకుండా మార్చేది ఆ టానినే.

ప్రతి ఊళ్లో మాదిగవాడ పక్కన లంద, అంటే తోళ్లు నానబెట్టే గుంత, ఉండేది. పచ్చి తోలును సున్నంనీళ్లలో నానబెట్టి వెంట్రుక గీకేసి, కడిగి, తంగేడు చెక్క దంచి పోసిన నీళ్లలో వేసేవాళ్లు. చెక్క సారం దిగిపోగానే తీసేసి కొత్త చెక్క వేయాలి, ఇలా మళ్లీ మళ్లీ. కొన్నిచోట్ల తోలును సంచిలా కుట్టి, లోపల చెక్క, నీళ్లు నింపి వేలాడదీసేవాళ్లు. చివర కరక్కాయ నీళ్లు. ఆ తోలుతోనే చెప్పులు, పలుపులు, ఎద్దు పట్టెడలు, అన్నిటికంటే ముఖ్యంగా మోటబావికి తోలు బొక్కెన. మోట లేనిదే పొలం పారదు, తంగేడు చెక్క లేనిదే మోట లేదు. ఊరికి నీళ్లు తోడిపెట్టిన ఆ పనిని, చేసిన మనుషులను ఊరు అంటరాని చోట ఉంచింది. పువ్వును నెత్తిన పెట్టుకొని ఆడేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంటే మంచిదని నా అభిప్రాయం.

మద్రాసు టానరీలు కూడా ఈ చెక్క మీదనే నడిచాయి, అక్కడ శుద్ధి చేసిన తోళ్లు విదేశాలకు వెళ్లేవి. 20వ శతాబ్దంలో క్రోమియం పద్ధతి, ఆఫ్రికా నుంచి వాటిల్ తుమ్మ చెక్క వచ్చాక తంగేడుకు గిరాకీ పోయింది. కరెంటు మోటర్లు వచ్చాక మోటలు పోయాయి, లందలు పూడిపోయాయి.

తంగేడు పూల టీ తాగితే షుగర్ తగ్గుతుందా?

ఆయుర్వేదంలో, సిద్ధ వైద్యంలో మధుమేహానికి తంగేడు వాడకం ఉంది. ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో పూల సారం చక్కెర తగ్గించినట్టు కనిపించింది. అక్కడి నుంచి ‘షుగర్ మాయం’ అని ప్యాకెట్ మీద రాసి అమ్మేంత దూరం మనుషుల మీద రుజువు లేదు. రుచికి అప్పుడప్పుడు ఒక కప్పు తాగితే తాగండి, డాక్టర్ ఇచ్చిన గోళీ మానేసి మాత్రం వద్దు. షుగర్ మందు వేసుకుంటూ ఇది కూడా రోజూ తాగితే చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. ఫిట్స్ మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ముట్టొద్దు. రోడ్డు పక్క, పత్తిచేను గట్టు మీద పూలు టీకి పనికిరావు, వాటి మీద ఏ మందు పడిందో ఎవరికి తెలుసు?

పండుగకు పువ్వు ఎట్లా తెంపాలి, ఎట్లా నిలవ చేయాలి?

చేత్తో గుంజితే కొమ్మతో పాటు నార కింది దాకా చీరుకొని వస్తుంది, ఆ గాయం దగ్గర కొమ్మ ఎండిపోతుంది. చిన్న కత్తో కత్తెరో పట్టుకెళ్లి జానెడు కొసను మాత్రం కోయండి. సగం విచ్చిన గుత్తులు కోస్తే మర్నాటికి అందంగా విచ్చుకుంటాయి. తెచ్చాక ప్లాస్టిక్ కవర్లో కుక్కితే ఉడికినట్టవుతాయి. కాడలు బకెట్ నీళ్లలో ముంచి నీడలో పెట్టండి, లేదా తడి గుడ్డలో చుట్టండి.

ప్రతి చెట్టుకూ మూడో వంతు గుత్తులు వదిలేయండి. విత్తనం వాటిలోనే. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లాంటి రక్షిత అడవుల్లోకి పువ్వు కోసం పోవద్దు, కేసవుతుంది.

బతుకమ్మ పూలు చెరువు నీళ్లను శుద్ధి చేస్తాయంటారు కదా?

ఈ మాట ప్రతి పండుగకూ తిరుగుతుంది. పూలు కుళ్లేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్‌ను వాడుకుంటాయి, అది సైన్సు. నిండు చెరువులో ఆ లెక్క పెద్దది కాదు, చేపలూ పురుగులూ తినేస్తాయి. చిన్న కుంటలో, అపార్ట్‌మెంట్ వాళ్లు తవ్విన గుంతలో టన్నులకొద్దీ వేస్తే వాసన వస్తుంది. అసలు చెడు చేసేది బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వుకు అద్దే రసాయనపు రంగులు, ప్లాస్టిక్ పూలు, కవర్లు. తంగేడుకు రంగు అద్దాల్సిన పనే లేదు, అంతవరకు అది నయం.

ఊరంతా కలిసి పెట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్రామ పంచాయతీ నర్సరీలో అడగండి. చాలాచోట్ల తంగేడు లేదంటారు, ఎందుకంటే ఎవరూ అడగరు. మీరే గింజలు ఏరి ఇస్తే కవర్లు నింపి విత్తడానికి అక్కడ మనుషులున్నారు. మొక్కలకు చోటు మాత్రం ముందే చూసుకోండి: బడి ప్రహరీ లోపల, చెరువుకట్ట వెనకవైపు వాలు, శ్మశానం, బతుకమ్మ ఆడే చోటికి దగ్గర్లో ఏదైనా సర్కారు జాగా. చెరువుకట్ట మీద పెట్టేముందు నీటిపారుదల శాఖ వాళ్లతో మాట్లాడాలి, వేళ్లు కట్టను పాడు చేస్తాయని వాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు. ఉపాధి హామీ కూలీలు కలుపు తీసేటప్పుడు లేత మొక్కలను కూడా పీకేస్తారు, పక్కన రంగు వేసిన రాయి పెట్టండి.